ఒట్టి పిడికిలి, గట్టి నుదురు

శుక్రవారం పొద్దున ముత్యం పెట్టుకున్న పని ఒక్కటే. మాంసం కూర వండుకుని తిని, జగిత్యాలలో ఉన్న భార్య వినోదకు వీడియో కాల్ చేసి, హాయిగా పడుకోవాలి. గల్ఫ్‌లో, అస్కర్ అనే చోట ఉన్న కార్మికుల క్యాంపులో సెలవు రోజుకు అంతకంటే మంచి కార్యక్రమం ఎవరూ కనిపెట్టలేదు.

అతను ఉల్లిగడ్డలు కోస్తుంటే పక్క మంచం మీద భీమరాజు ఫోన్ చూస్తున్నాడు. అమలాపురం వైపు మనిషి, ముత్యానికి నాలుగేళ్ల దోస్తు. ఫోన్లో గ్లౌజులు లేకుండా ఒట్టి పిడికిళ్లతో కొట్టుకునే పోటీ నడుస్తోంది. ఒకవైపు బాక్సరు. మరోవైపు గుద్దులు, తన్నులు, కుస్తీపట్లు అన్నీ నేర్చిన ఎంఎంఏ ఆటగాడు.

"బాక్సరే గెలుస్తడు," అన్నాడు ముత్యం తలెత్తకుండా. "చేతులతోని కొట్టుడే ఆని పని."

"గ్లౌజు ఉన్నంతసేపే ఆడి ఆట," అన్నాడు భీమరాజు. "అది తీసేసి నుదుటి మీద కొట్టమను, చెయ్యే విరుగుద్ది. రెండోవోడు దగ్గరికొచ్చి మెడ పట్టేసి పొట్టలో గుద్దుతాడు. అయిపోద్ది."

"దగ్గరికి ఎట్లస్తడన్నా? రాకముందే దవడ మీద పడ్తది."

"తల దించుతాడు కదా."

"ఏదీ, దించి సూపియ్యి."

ముత్యం కత్తి కింద పెట్టి లేచాడు. మెల్లగానే కొడదామనుకున్నాడు. భీమరాజు కూడా మెల్లగానే తల దించుదామనుకున్నాడు. కానీ ఇద్దరూ పట్టుదల గల మనుషులు. కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. భీమరాజు నుదురు చెక్కుచెదరలేదు. ముత్యం చెయ్యి మాత్రం చూస్తుండగానే బూరెలా పొంగింది.

"చెప్పానా," అన్నాడు భీమరాజు, కాస్త బాధగానే.

చప్పుడు విని పక్కగది కిషన్ తొంగిచూశాడు. ఒకడు చెయ్యి పట్టుకుని మూలుగుతున్నాడు, ఇంకొకడు నుదురు రుద్దుకుంటున్నాడు, మధ్యలో నేల మీద కత్తి. కిషన్ వంటగదికి వెళ్లి ఉన్నమాటే చెప్పాడు: "ముత్యమన్న భీమన్నను కొట్టిండు." ఆ మాట నీళ్ల ట్యాంకు దాకా వెళ్లేసరికి భీమరాజు తల పగిలింది. గేటు దాకా వెళ్లేసరికి అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. జగిత్యాల దాకా వెళ్లడానికీ ఎంతోసేపు పట్టలేదు.

"భీమన్న బతికిండా?" వినోద ఫోన్లో ఏడుస్తూ అడిగింది.

ముత్యం ఫోన్ అటు తిప్పాడు. "బానే ఉన్నానమ్మా," అన్నాడు భీమరాజు.

"దవాఖానకు తీస్కపోయిండ్రన్నరు?"

"ఇంకా లేదమ్మా," అన్నాడతను. ఆ 'ఇంకా' విని ఆమె ఏడుపు రెట్టింపైంది.

ఇంతలో క్యాంపు బాసు సోమేశ్వరరావు వచ్చాడు. వెనక సగం క్యాంపు ఉంది. "ఇక్కడ కొట్టుకున్నవాళ్లకి ఒకటే మందు. విమానం టికెట్టు," అన్నాడు.

ముత్యం గబుక్కున ముందుకొచ్చాడు. ఊళ్లో కట్టిస్తున్న ఇంటికి ఇంకా తలుపులు కూడా పెట్టలేదు. "మేం కొట్టుకోలే సార్. దోస్తులం."

దోస్తులమని చూపించడానికి భీమరాజు అతని మెడ చుట్టూ చెయ్యేసి ప్రేమగా దగ్గరికి లాగాడు. వాచిన చెయ్యి మధ్యలో నలిగి ముత్యం కెవ్వుమన్నాడు.

"నా ముందే మెడ విరుస్తున్నావా?" అన్నాడు సోమేశ్వరరావు.

ఇక దాచి లాభం లేదని ముత్యం జరిగిందంతా చెప్పాడు. సోమేశ్వరరావు గడ్డం గోక్కుంటూ విన్నాడు. వెనకున్న జనం టికెట్టు ఖాయమనుకున్నారు.

"బాక్సరే గెలుస్తాడు," అన్నాడాయన చివరికి. "నీకు పిడికిలి బిగించడం రాదు. బొటనవేలు లోపల పెట్టుంటావు. కాలేజీలో నేను బాక్సింగ్ ఆడాను. ఇలా పట్టాలి."

"వద్దండి సార్," అన్నాడు భీమరాజు.

"మెల్లగానేనయ్యా."

భీమరాజు ఏం చేస్తాడు పాపం, భయంతో తల దించాడు.

క్లినిక్‌లో డాక్టరు రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకే వేలు, ఒకే చోట విరిగింది. ఎలా జరిగిందని అడిగాడు. ముత్యం నోరు తెరిచేలోపే సోమేశ్వరరావు అందుకున్నాడు: "బాత్రూములో జారిపడ్డామండి."

"ఇద్దరూనా?"

"ఇతన్ని లేపబోయి నేను."

తిరుగుదారిలో టికెట్టు మాట ఎవరూ ఎత్తలేదు. రెండేళ్లుగా ఎందరు అడిగినా బాగుపడని క్యాంపు బాత్రూము నేల ఆ వారంలోనే బాగుపడింది.