చుండ్రు తరఫున వకాల్తా

ఊరికి వెళ్ళేవాళ్ళ బ్యాగు సర్దిపెట్టిన అనుభవం ఉన్నవాళ్ళెవరినైనా అడగండి. చుండ్రంత మేలు చేసేది లోకంలో మరొకటి లేదు!

నవ్వకండి. బడి చదువు పెద్దగా లేదు గాని, అట్ట ఊడిన నిఘంటువు ఒకటి నా దగ్గర ఉంది. చుండ్రు అంటే తల మీది పొలుసు అంటుంది అది. సరే, పొలుసు అంటే? చేప ఒంటి మీదిది, పాము ఒంటి మీదిది, మానుతున్న పుండు మీదిది. చేపకు అది కవచం. పుండుకు శుభవార్త. మనిషి తల మీదికి వచ్చేసరికి మాత్రం జబ్బా? ఇదెక్కడి న్యాయం?

పోనీ, చుండ్రు అనే మాట ఎక్కడ పుట్టిందో చెప్పమంటే నిఘంటువు నోరు మెదపదు. అమ్మానాన్నా తెలియని మాటను వీధిన వదలలేక నేనే చేరదీశాను.

దాని సేవలు తక్కువా? మీ దువ్వెన ఎవరూ అడగరు. బస్సులో పక్కసీటువాడు మీ భుజాన్ని తలగడ చేసుకోడు. నల్లకోటు పెద్దమనిషికి గర్వం ఎంత తలకెక్కినా, సాయంత్రానికి భుజాల మీద రాలిపోతుంది.

నల్లకోటంటే గుర్తొచ్చింది. మా తమ్ముడు ఊరూరా తిరిగే బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. వాళ్ళ యూనిఫాం నల్లకోటే. బ్యాగు నేనే సర్దేదాన్ని. సర్దింది విప్పి మళ్ళీ సర్దేదాన్ని. ఆపైన వాణ్ణి గుమ్మంలో నిలబెట్టి భుజాలు దులిపేదాన్ని.

"అక్కా, వదులు! బండి వెళ్ళిపోతుంది."

"ఉండరా, ఎడమవైపు ఇంకా ఉంది. కచేరీకి వెళ్తున్నావా, పిండిమరకు వెళ్ళొస్తున్నావా?"

"నువ్వు దులిపేది కోటు కాదే, నా ప్రాణం!"

మీసాలొచ్చిన తమ్ముణ్ణి అంతకన్నా ఏం చెప్పి ఆపగలం? బెంగగా ఉందంటే పారిపోతాడు. చుండ్రుందంటే నిలబడతాడు!

ఇంతలో మెడికల్ షాపతను వాడికో షాంపూ అంటగట్టాడు. ఎంత దిక్కుమాలిన మందంటే, అది పనిచేసింది.

తరవాతి ప్రయాణానికి వాడు గుమ్మంలో గిర్రున తిరిగి చూపించాడు.

"చూసుకో అక్కా! ఇవాళ నీకు పనిలేదు."

నిజంగానే ఒక్క పొలుసు లేదు. ఎత్తిన చెయ్యి దించుకున్నాను. వాడు మెట్లు దిగాడు.

ఆ సీసా మీద హెచ్చరికలకేం తక్కువ లేదు. కళ్ళలో పడకూడదట. పిల్లలకు అందకూడదట. అంతవరకే రాశారు.

ఆ కచేరీ నుంచి బ్యాండు తిరిగొచ్చింది. తమ్ముడు రాలేదు. వాడు వెళ్ళింది పదకొండేళ్ళ కిందట, వానలు మొదలైన వారం, మంగళవారం పొద్దున.