వుంపిని అలసంద సమరం

ఎడారి దుమ్మును మోసుకొచ్చే ఈశాన్యపు గాలి ఘానా దేశపు ఉత్తర సీమను ఆపాదమస్తకం ధూసరవర్ణం చేసి, మనుషుల కనుబొమలనూ మేకల గడ్డాలనూ ఒకే రంగులో ముంచెత్తుతున్న జనవరి నెలలో, తమలే పట్టణానికి ఆమడ దూరాన ఉన్న సాంబుయిలి గ్రామంలో, కత్తి దూసినవాడు లేకపోయినా, గుర్రం సకిలించకపోయినా, వీరలోకం చెవులు రిక్కించి వినదగిన మహాసంగ్రామమొకటి జరిగింది. డోళ్లవారు కాసేపు చేతులాపితే దాన్ని చెబుతాను.

ఆ సమరానికి నాయిక వుంపిని. ఇరవై నాలుగేళ్లది. పరిశోధన కేంద్రం వారి కొత్త అలసందల గురించి నాయకులకూ జనానికీ నచ్చజెప్పడం ఆమె ఉద్యోగం. హృదయంలో సింహగర్జన, గొంతులో పిచుక కిచకిచ. మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి గుణాన్ని తెచ్చి ఆ అలసంద మొక్కలో చేర్చారు. కాయ తొలిచే పురుగు ఆ మొక్కను కొరికితే చస్తుంది. ఎనిమిది సార్లు మందు కొట్టేచోట రెండు సార్లు చాలు. వుంపిని తండ్రి ఫుసేని ఆ మందు డబ్బాను ఏటా ఎనిమిదిసార్లు వీపున మోసేవాడు. మోసిన ప్రతిసారీ రెండు రోజులు వంగి దగ్గేవాడు. రాబోయే వానలకు ఊళ్లో ఈ విత్తనం వేసి చూడనివ్వాలా వద్దా అన్నది జిల్లా వ్యవసాయ సంఘం ఈ సమరం మొదలైన మర్నాడు పదింటికి తేల్చబోతోంది. వద్దంటే ఆ డబ్బా మళ్లీ ఆ వీపుకే ఎక్కుతుంది.

అంతకు వారం ముందే ఆ సంఘం ఎదుట వుంపిని తొలి దండయాత్ర జరిగి, ఘోరంగా ముగిసింది. నలభై రెండు బొమ్మలను ఆమె గోడ మీదికి ప్రయోగించగా, పందొమ్మిదో బొమ్మ దగ్గర కరెంటు రణరంగం విడిచి పారిపోయింది. సభ్యులు అప్పటికే నిద్రాదేవిని శరణు వేడారు. మేలుకుని ఉన్నవాడు సంఘాధ్యక్షుడు తియుంబ ఒక్కడే.

"అమ్మాయ్, బొమ్మలు నేను తింటానా? సనాతవ్వ నీ గింజలతో కూసె వేస్తే తింటాను. ఆమె కాదందంటే ఊరంతా కాదన్నట్టే" అన్నాడాయన.

కూసె అంటే అలసంద వడ. సనాతవ్వ అంటే ముప్పై ఏళ్లుగా సాంబుయిలి ప్రభాత జఠరాగ్నిని చల్లారుస్తున్న ధూమమండల మధ్యవర్తిని, గరిటాయుధధారిణి. కనుక సంఘం కూర్చునే ముందురోజు మధ్యాహ్నం మన వీరనారి సంచెడు గింజలతో ఆమె పొయ్యి ముందు నిలిచింది. అవ్వ గుప్పెడు తీసి, ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పింది.

"పురుగేదే?"

"లేదవ్వా. శుభ్రంగా ఉన్నాయి."

"అదే అడుగుతున్నా. ఒక్క చిల్లూ లేదంటే మందు పొడి కలిపినట్టే. పురుగే ఒల్లని గింజ జనానికి పెట్టమంటావా? తీసుకుపో."

ఆ సీమ ఆడవాళ్ల న్యాయశాస్త్రం అది: అంగట్లో అలసందలు కొనేటప్పుడు చిల్లు గింజ కనబడితేనే వాళ్లకు ధైర్యం. పక్కన జావ అమ్మే ఆమె అందుకుంది. "ఇవి తింటే మగాళ్లకు పిల్లలు పుట్టరట కదా?"

"అయితే మా ఆయనకో రెండు గిన్నెలు. ఏడుగురు చాలు" అంది ఇంకొకామె.

నవ్వుల శరవర్షం కురిసింది. వుంపిని మనసులో మహోపన్యాసం ఉప్పెనలా లేచింది: ఓ ధూమావృతవదనా, ఓ తైలతరంగ విజయినీ, సూక్ష్మజీవి మహిమ ఆలకింపుము! ఆ ఉప్పెన గొంతు దాకా వచ్చి, పళ్ల సందున ఇరుక్కుని, "కాదవ్వా" అన్న ఒక్క ముక్కగా బయటపడింది. ఆమె సంచీ మూతి కట్టి నాలుగడుగులు వేసింది. ఐదోది పడలేదు. విత్తనం లోపాలను ఎవరికీ చెప్పరాదని పై అధికారి శాసించి ఉన్నాడు. ఆ శాసనాన్ని ఆమె ఆ దుమ్ములోనే వదిలేసి వెనక్కి వచ్చింది.

"అవ్వా, నిన్న కూర్చుని చిల్లు గింజలన్నీ నేనే ఏరేశాను, నీకు నచ్చాలని. అవి ఇవిగో, మా కోళ్లకని దాచాను. ఇది చేలో కాయ పురుగునే ఆపుతుంది. ఇంట్లో నిలవ పురుగును ఆపడం దీనికి చేతకాదు."

బొమ్మల అండ లేకుండా జన్మలో అంత పొడుగు మాట ఆమె పరాయివాళ్లతో ఆడి ఎరుగదు. అలా అంటూనే పైట కొంగు ముడి విప్పి చేటలో ఒంపింది. వెంటనే ఆ చిల్లుల కోటద్వారాల నుంచి నల్లని పదాతిదళం బిలబిలమంటూ వెలువడి, చేట నలుదిక్కులకూ జైత్రయాత్ర సాగించింది. ఒక సేనాని సనాతవ్వ బొటనవేలెక్కి గోరు మీద ఠీవిగా నిలిచాడు. అవ్వ అతణ్ని చాలాసేపు చూసింది.

"దీనికి మందెన్నిసార్లు?"

"రెండు."

"మీ నాన్న కొట్టేది?"

"ఎనిమిది."

అవ్వ వేలు విదిల్చింది. "పిల్లని పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు సింగారించి తెచ్చావు. ఇలా ముందే తెస్తే నానబోసేదాన్ని కదే. సంచీలోవీ చేటలోవీ కలిపి ఇలా పోయ్."

మర్నాడు సూర్యుడు దుమ్ము చాటున బొప్పాయి ముక్కలా పొడుచుకొస్తుండగా, నానిన గింజలు పొట్టు వీడి, మరలో నలిగి, అవ్వ చేతి దెబ్బలకు నురగలెత్తి, సలసల కాగే నూనె సముద్రంలోకి ఒక్కొక్క ముద్దగా దూకాయి. మునిగాయి, తేలాయి, పొర్లాయి, బంగారు కవచాలు తొడుక్కుని బయటికొచ్చాయి. తియుంబ జావ గిన్నె పట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కొత్త గింజలని అవ్వ ముందే చెప్పేసింది. చెప్పి, మొదటి కూసె తానే తింది. ఆయన రెండోది తీసుకుని తుంచాడు, వాసన చూశాడు, నోట్లో వేసుకున్నాడు. సంఘాధ్యక్షుని దవడలు కొండల్లా కదిలాయి.

"ఉప్పు తగ్గింది" అన్నాడు.

"నీ నోటికి రోజూ తగ్గుతుంది" అంది అవ్వ.

ఆయన ఇంకొకదానికి చెయ్యి చాచాడు. "పదింటికి రా అమ్మాయ్. మీ నాన్న చేలో పావెకరం వేయనిద్దాం, ఏమవుతుందో చూద్దాం. బొమ్మలు మాత్రం తేకు."

దిక్కులారా, దిక్పాలకులారా, ఉత్తర ఘానా సమస్త మేకలారా, సాక్ష్యం చెప్పండి! విషమని నిందపడిన గింజ మీద, వంశాలను అంతం చేస్తుందని పేరుపడిన గింజ మీద, అధికారంలో ఉన్న ఒక మనిషి నిండు పగలు నలుగురి మధ్య మోపిన నేరం ఉప్పు తగ్గడం ఒక్కటే. ఆ నేరాన్ని శిరసావహించి, వుంపిని పరుగున పోయి ఉప్పు తెచ్చింది.