లస్మవ్వ పాటకు సర్కారు కావలి

“ఇయ్యాల్టి సంది తెలంగాణ పాటను ఎవ్వడూ ఎత్కపోలేడు!”

సాంస్కృతిక శాఖ మంత్రి హనుమండ్లు గారు కరీంనగర్ ఆడిటోరియంల ఈ మాట ప్రకటించి, చప్పట్ల కోసం జరసేపు ఆగిండు. చప్పట్లు వచ్చినయ్. సరిపోలేదనుకున్నడేమో, అదే మాట మళ్లొకసారి ప్రకటించిండు. ఈసారి ముందు వరుసల అధికారులు లేసి నిలవడి కొట్టిండ్రు.

పథకం పేరు జానపద సంపద రక్షణ పథకం. ఊర్లల్ల ఉన్న పాటలన్నీ ఒక కంప్యూటర్‌కు వినిపిస్తరు. అది ఒక్కో పాటకు వేలిముద్ర తీసి పెట్టుకుంటది. ఇగ దునియాల ఏ మూలకు, ఏ వీడియోల ఆ పాట వినవడ్డా సరే, పట్టుకొని కాపీరైట్ నోటీసు కొడ్తది. నడుమ మనిషితోని పనే లేదు. “మనిషి ఉంటే మొహమాటం ఉంటది. కంప్యూటర్‌కు మొహమాటం లేదు” అని మంత్రి గారు సెలవిచ్చిండు. ఆలోచించే పని గూడ లేదని ఆయన చెప్పలేదు, అది ఫైల్ల రాసే ఉంది.

మూడో వరుసల కూసున్న లక్సెట్టిపేట లింగమూర్తికి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఆయన పెండ్లిళ్లకు వీడియోలు తీసేటోడు. తొమ్మిదేండ్ల కింద పెండ్లిళ్లు లేని ఆషాఢంల ఊకె కూసోలేక, కెమెరా పట్టుకొని పొలం ఒడ్డుకు పోయిండు. తనను కన్న అవ్వ లస్మవ్వ నాటేసుకుంట పాడుతుంటే తీసి ‘లస్మవ్వ పాటలు’ అని ఛానల్ పెట్టిండు. అవ్వ ఎత్తుకుంటది, పక్కింటి యాదవ్వ వంత పాడుతది. నాలుగువందల పన్నెండు వీడియోలైనయ్. మస్కట్ల, దుబాయ్‌ల క్యాంపు రూములల్ల పండుకున్న మనోళ్లు అవి పెట్టుకొని వినేటోళ్లు.

రెండేండ్ల కింద లస్మవ్వ పోయింది. అప్పటి సంది లింగమూర్తి పొద్దుగాల చాయ్ తాగే ముందు ఒక వీడియో పెట్టుకుంటడు. అవ్వ గొంతు వినకుంటే ఆయనకు చాయ్ దిగది. గంతే, దాంట్ల దాచేదేమున్నది.

అసొంటి గొంతును డీజేలోళ్లు కోసి, ముక్కలు జేసి, కింద ధనధన మోత పెట్టి అమ్ముకున్నరు. ఇదేంది అని అడుగబోతే “పాట ఎవ్వని అయ్యదిరా?” అన్నరు. అందుకే మంత్రి గారి మాట వింటుంటే ఆయనకు దేవుడే మైకు వట్టుకున్నట్టు అనిపించింది. పేరు పిలిస్తే ఉరికి స్టేజీ ఎక్కిండు. ఏడేండ్ల ఒరిజినల్ రికార్డింగులన్నీ ఉన్న హార్డ్ డిస్క్ మంత్రి గారి చేతుల పెట్టిండు. మంత్రి గారు శాలువా కప్పిండు. ఫొటో దిగిండ్రు.

“కాపీ చేసుకొని వారంల వాపస్ ఇస్తం సార్” అన్నడు పథకం జోన్ కోఆర్డినేటర్ ఓంప్రకాశ్. చానా మర్యాదస్తుడు. పని చెయ్యకున్నా సరే, సార్ అనకుంట ఉండడు.

ఇంటికొచ్చి శాలువా సూపెడితే యాదవ్వ దాన్ని అటుతిప్పి ఇటుతిప్పి చూసింది.

“ఆ నల్ల డబ్బా ఏదిరా?”

“సర్కారుకు ఇచ్చిన పెద్దవ్వా. ఇంట్ల ఉంటే ఎలుకలు, పిడుగులు. ఆడ భద్రంగ ఉంటది.”

“బదులు గిది ఇచ్చిండ్రా?”

“ఆ.”

“అయితే పోయినట్టే తియ్యి. సర్కారు ఊకె శాలువా కప్పది.”

ముసలామెకు ఏం తెలుస్తది అనుకున్నడు లింగమూర్తి.

ఐదో నాడు పొద్దుగాల ఛానల్ తెరిచేసరికి ఒక వీడియో లేదు. దాని జాగల ఒక నోటీసు ఉంది. ‘ఈ పాట హక్కుదారు: జానపద సంపద రక్షణ పథకం. మీరు దొంగిలించినట్టు గుర్తించబడింది.’ పొరపాటు అయ్యుంటదని ఆయన నవ్వుకున్నడు. పగటీలి రెండో నోటీసు వచ్చింది. కింద ఎర్రక్షరాలల్ల, మూడోది వస్తే ఛానల్ మొత్తం తొలగిస్తమని ఉంది. అప్పుడు నవ్వు రాలే. మిగిలిన వీడియోలన్నీ తనకు తప్ప ఎవ్వలకూ కనవడకుంట దాచిండు.

తెల్లారి పేపర్ల వార్త వచ్చింది: ‘పథకం పెట్టిన ఐదు రోజులకే చిక్కిన తొలి పాటల దొంగ.’ “ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటరు. మా కంప్యూటర్ పట్టింది” అని మంత్రి గారు గర్వంగ చెప్పిండు. దొంగ ఫొటో వేరేది దొరకక, శాలువా కప్పిన ఫొటోనే వేసిండ్రు. మంత్రి గారు నవ్వుకుంట దొంగకు సన్మానం చేస్తున్నట్టు వచ్చింది. ఫొటో తప్పని మాత్రం ఎవ్వలకూ అనిపియ్యలేదు.

లింగమూర్తి యాదవ్వను ఎంబడివెట్టుకొని బస్సెక్కి కరీంనగర్ పోయిండు. ఓంప్రకాశ్ లేసి నిలవడి నమస్తే పెట్టిండు, కుర్చీ ఏసిండు, చాయ్ చెప్పిండు.

“సార్, నా పాటలకు నాకే నోటీసు వచ్చింది.”

“చూసిన సార్. కంగ్రాట్స్. జోన్ల మీదే ఫస్టు.”

“అవి నేను తీసిన వీడియోలు సార్!”

“నేను కాదంటున్ననా? ఒరిజినల్ చూపెట్టుండ్రి, ఇప్పుడే రాసి పంపుత.”

“ఒరిజినల్ మీకే ఇస్తి గద సార్!”

“మరి ఒరిజినల్ మా దగ్గర ఉంటే, మీ దగ్గర ఉన్నదాన్ని ఏమంటరు సార్? మీరే చెప్పుండ్రి.”

మర్యాద ఉన్న మనిషితోని కొట్లాడుడు చానా కష్టం.

“పోనీ ఆ నోటీసన్న వాపస్ తీసుకోండ్రి.”

“వాపస్ బటన్ మాకియ్యలే సార్. రక్షణ బటన్ ఒక్కటే ఇచ్చిండ్రు. ఒక పని చేద్దాం, అసలు గాయనిని తోలుకరాండ్రి. వచ్చి సంతకం పెడ్తే సరిపోతది.”

“మా అవ్వ చనిపోయింది సార్.”

ఓంప్రకాశ్ నిజంగనే బాధపడ్డడు. ఫైల్ తెరిచి రాసిండు: ‘గాయని నుంచి ఎటువంటి అభ్యంతరం అందలేదు.’

అప్పటిదాంక మూలకు కూసున్న యాదవ్వ కొంగు బిగించి లేసింది. “లస్మి లేకపోతే నేను లేనా? ఇద్దరం కలిసి కట్టిన పాట అది. విను బిడ్డా” అని ఎత్తుకుంది:

“నీళ్లొచ్చె నీళ్లొచ్చె గోదారి నీళ్లు
నా మట్టెలు కడుగంగ వచ్చినయ్ నీళ్లు”

ఆఫీసుల ఫ్యాన్ చప్పుడు గూడ తగ్గినట్టయింది. బిల్ల బంట్రోతు తలుపుకాడ్నే ఆగిపోయిండు. టేబుల్ మీది కంప్యూటర్ మాత్రం కుయ్ అన్నది. ఓంప్రకాశ్ తెర దిక్కు చూసి మురిసిపోయిండు.

“చూసిండ్రా దాని తెలివి! తొంబైనాలుగు శాతం లస్మవ్వ అని పట్టేసింది. పెద్దమ్మా, మీరు లస్మవ్వను కాపీ కొడ్తుండ్రు.”

“ఓరి నీ తెలివి తెల్లార! లస్మి నా దగ్గర్నే నేర్సుకుందిరా!”

“అట్లైతే దాఖలా ఉండాలె గదమ్మా.”

“మీ అవ్వ నీకు జోలపాట పాడెటప్పుడు ఎవ్వల సంతకం తీసుకున్నది? తెచ్చి సూపెట్టు, నేనూ తెస్త.”

ఓంప్రకాశ్‌కు కోపం రాలే. సర్కారు ఆఫీసుల పర్మిషన్ లేకుంట రక్షిత గీతం పాడినందుకు, ఇగ పాడనని ఆమెతోని కాయితం రాయించుకొని, వేలిముద్ర ఏపిచ్చుకున్నడు. పాటకు తీసుకున్నరు, మనిషికి గూడ తీసుకున్నరు. చాయ్ మాత్రం బాగుంది. డిస్క్ గురించి అడిగితే ప్రాసెస్‌ల ఉంది అన్నడు.

నెల తిరగకముందే లక్సెట్టిపేట కాలేజీ గ్రౌండ్ల విజయోత్సవ సభ పెట్టిండ్రు. అప్పటికే జోన్ల మూడువందల పదకొండు మంది దొంగలు దొరికిండ్రు. అందరూ ముసలోళ్లే, ఎక్కువమంది ఆడోళ్లే. మంత్రి గారు రానే వచ్చిండు. ముందుగాల డ్యాన్స్ పిల్లలు నాటేసే పాటకు ఆడిండ్రు. ఆడుతుండంగనే మంత్రి గారి పేజీల నడుస్తున్న లైవ్ కాపీరైట్ కింద తెగిపోయింది. మంత్రి గారి పేజీ వేరు, పథకం వేరు గద. కంప్యూటర్‌కు మొహమాటం లేదు.

ఓంప్రకాశ్ చెమటలు తుడుచుకుంట లింగమూర్తి దగ్గరికి ఉరికొచ్చిండు.

“సార్, జర మీ ఛానల్ల లైవ్ పెట్టుండ్రి. మంత్రి గారి స్పీచ్ పోతే నేను పోత.”

“నాకు రెండు నోటీసులున్నయ్ సార్. ఇంకొకటి వస్తే అంత పోతది. మా అవ్వ పోతది.”

“స్పీచే గద సార్! మాటకు కాపీరైట్ ఉంటదా? స్పీచ్ అయినంక మంత్రి గారి ముందటనే మీ రెండు నోటీసులు తీసేపిస్త. నా పిల్లల మీద ఒట్టు.”

లింగమూర్తి ఆలోచించిండు. మంత్రే తన ఛానల్ల మాట్లాడితే, ఆ ఛానల్‌ను తీసేసే మొగోడు ఎవ్వడు అనిపించింది. ఫోన్ స్టాండుకు పెట్టి లైవ్ మొదలుపెట్టిండు.

మంత్రి గారు అరగంట మాట్లాడిండు. పాట గొప్పదన్నడు, పాటను కాపాడిన ప్రభుత్వం ఇంకా గొప్పదన్నడు. ఆఖరుకు, “లస్మవ్వ తోడు యాదవ్వ ఇక్కడే ఉన్నదట. తల్లీ, ఒక్క పాట పాడు!” అన్నడు.

లింగమూర్తి కెమెరా ఎనుకనుంచి రెండు చేతులు ఊపుకుంట వద్దు వద్దు అన్నడు. యాదవ్వ చూసింది. మైకు దగ్గరికి నడిచి నిమ్మళంగ అన్నది:

“నేను పాడను బాంచెన్. పాడనని మీ ఆఫీసుల ఏలు ముద్ర ఏసిన. నా పాట నా దగ్గర లేదు, మీ దగ్గరుంది. మీరే పాడుండ్రి.”

జనం ఈలలేసిండ్రు. మంత్రి గారికి ఈలల అర్థం ఒక్కటే తెలుసు. “పాడమంటరా? పాట నా రక్తంల ఉంది!” అని గొంతు సవరించిండు.

లింగమూర్తి లైవ్ బంద్ చేద్దామని ఫోన్ మీదికి చెయ్యి చాపిండు. ఓంప్రకాశ్ ఆ చెయ్యిని రెండు చేతులతోని గట్టిగ వట్టుకున్నడు. “మంత్రి గారు పాడుతుంటే బంద్ చేస్తరా సార్? మీ కాళ్లు మొక్కుత!”

“నీళ్లొచ్చె నీళ్లొచ్చె...” అని మంత్రి గారు అందుకున్నడు.

మంత్రి గారికి రాగం రాదు, తాళం అసలే రాదు. అందుకని లింగమూర్తికి ఇంకా జర ఆశ ఉండె. కానీ కంప్యూటర్‌కు మొహమాటం లేదు గాని దయ చానా ఉంది. అది గూడ పాటేనని గుర్తువట్టింది. రెండో లైన్ కాకముందే ఫోన్ తెర నల్లగైంది. స్టేజీ మీద మంత్రి గారు ఇంకా పాడుతనే ఉన్నడు. పాట అయినంక లింగమూర్తిని పైకి పిలిచి రెండో శాలువా కప్పిండు.

తెల్లారి లింగమూర్తి చాయ్ ముందు పెట్టుకొని ఛానల్ తెరిచిండు. ఏ వీడియో లేదు. నాలుగువందల పన్నెండుల ఒక్కటి లేదు. చాయ్ చల్లారిపోయింది. ఆయన చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. యాదవ్వ వచ్చి పక్కకు కూసున్నది. తర్వాత ఆయన ఓంప్రకాశ్‌కు ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తలేదు. ఆఫీసుకు పోతే క్యాంపుల ఉన్నడన్నరు.

ఇరవై రోజులకు ఓంప్రకాశే ఫోన్ చేసిండు.

“సార్, శుభవార్త! మన పథకానికి హైదరాబాద్‌ల అవార్డు. జోన్ల ఇప్పుడు ఒక్క దొంగ లేడు. పాడెటోడే లేడు. మంత్రి గారు స్టేజీ మీద లస్మవ్వ పాట వినిపియ్యాలె అంటుండ్రు. జర మీ ఛానల్ నుంచి ఒక్క కాపీ పంపుతరా?”

“డిస్క్ మీ దగ్గరనే ఉండె గద?”

అవతల ఓంప్రకాశ్ గొంతు తగ్గించిండు.

“డిస్క్ మంచిదుండె సార్. మంత్రి గారి సన్మానం వీడియోలు ఎక్కియ్యడానికి జాగ చాలక, పాతయి తీసేసినం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి, వేలిముద్రలు భద్రంగ ఉన్నయ్. ఎవ్వడు పాడినా దొరుకుతడు. పాటలే... జర... మీ ఛానల్ల ఉంటయి గదా?”

లింగమూర్తి ఫోన్ పెట్టేసిండు.

అవార్డు సభ టీవీల లైవ్ వచ్చింది. యాదవ్వ పీట జరుపుకొని టీవీ ముందర కూసున్నది. “ఇప్పుడు లస్మవ్వ గారి అమర గీతం” అని చెప్పిండ్రు. హాలుల లైట్లు తగ్గించిండ్రు. తెర మీద లస్మవ్వ ఫొటో వచ్చింది. అందరూ లేసి నిలవడ్డరు.

“సౌండ్ పెంచురా కొడుకా” అన్నది యాదవ్వ.

పెంచిండు. గుర్రుమనే సప్పుడు తప్ప ఏమీ రాలేదు.

రెండు నిమిషాలు అట్లనే నిలవడి, అందరూ కూసున్నరు. మంత్రి గారు దస్తీతోని కండ్లు తుడుచుకొని మైకు అందుకున్నడు. “చూసిండ్రా! ఇంతమంది ఉన్న హాలుల ఒక్కడన్న దొంగిలించగలిగిండా?”

హాలు మొత్తం చప్పట్లు కొట్టింది.

యాదవ్వ కొంగు చెవుల ఎనుకకు నూకి టీవీకి ఇంకింత దగ్గరికి జరిగింది.

“మీ అవ్వ పాట ఎప్పుడొస్తదిరా?”

“అయిపోయింది పెద్దవ్వా.”