పదకొండు అట్టలు, పన్నెండు రికార్డులు

శనివారం పొద్దున్నే పాటల రికార్డుల షాపాయనకు భార్య ఒక పని అప్పగించింది. తనకు ఆఫీసులో తప్పనిసరి పని పడింది, వారం కిందట వచ్చిన తండ్రిని ఇంట్లో ఒంటరిగా వదలడానికి మనసొప్పలేదు. "నాన్నను షాపుకి తీసుకెళ్లు. ఊరికే కూర్చోబెట్టకు, ఏదైనా పని చెప్పు" అంది.

మామగారు ముప్పై మూడేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసి రిటైరైన మనిషి. పని లేకపోతే ఆయనకు కాలూచెయ్యీ ఆడదు. వచ్చిన రెండో రోజుకే వంటింట్లో చెంచాలన్నీ పొడుగు వరసన సర్దేశారు.

షాపు చిన్నదే. ఎడమవైపు అరల్లో సీలు విప్పని కొత్త రాక్ ఆల్బమ్‌లు, కుడివైపు చేతులు మారి వచ్చిన పాతవి. పాతవాటిని కడిగి, అమ్మకానికి పెట్టేది శనివారమే. ఆ వారం ఒకే ఇంటి నుంచి పన్నెండు వచ్చాయి. వాటిని కడిగే పని అల్లుడు మామగారికి చెప్పాడు. అట్టల మీది పేర్లు ముళ్లకంపలా ఉండి ఒక్కటీ చదవడానికి రాలేదు. రికార్డుల నడిమి కాగితాల మీది అక్షరాలు చీమలంత. అందుకని మామగారు వరసనే నమ్ముకున్నారు. తీసిన వరసలోనే కడిగి, అదే వరసలో ఆరబెట్టి, అదే వరసలో అట్టల్లో పెట్టారు. చివరికి ఒక రికార్డు మిగిలింది.

ఆ మాటే అల్లుడికి చెప్పారు. అల్లుడు అప్పుడే షాపు ముందరి అద్దాల కిటికీలో అలంకరణ ముగించి, కొత్త ఆల్బమ్‌లు ఇంకా రాలేదని ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతున్నాడు. తెల్ల కవర్లో పెట్టెయ్యమని చేత్తోనే సైగ చేశాడు.

మధ్యాహ్నానికల్లా పదకొండూ అమ్ముడుపోయాయి. గంట తిరక్కుండానే, వాటిలో ఒకటి కొన్న పళ్ల డాక్టరు వెనక్కి వచ్చాడు. ఆయన అరవలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"తొమ్మిదేళ్లు వెతికాను దీనికోసం. తీరా ఇంటికెళ్లి పెడితే లోపల ఇంకేదో ఉంది."

అప్పుడు అల్లుడి నోట వచ్చింది అతను గర్వపడే మాట కాదు. మామగారు పనికి కొత్తనీ, ఆయన చెయ్యి తడబడి ఉంటుందనీ అన్నాడు. తుడిచే గుడ్డతో నిలబడ్డ మామగారు తల ఊపి, "నాదే పొరపాటు బాబూ, క్షమించండి" అన్నారు.

తర్వాత నర్సు వచ్చింది. డ్యూటీ దిగి కాసేపు కునుకు తీద్దామని నెమ్మదైన పాటలు కొనుక్కుంటే, డప్పులు మోగి పక్కింటివాళ్లు తలుపు కొట్టారట. ఆమె వెనకే దర్జీ. మిగతావాళ్లు తెలిసినవాళ్లే కాబట్టి అల్లుడు ఫోన్లు చేసి రప్పించాడు. రికార్డులు మారుస్తున్నారన్న కబురు ఎలా పాకిందో, ఆర్నెల్ల కిందట కొన్న కొత్త ఆల్బమ్ పట్టుకుని ఒకాయన దిగాడు. ఏమీ కొనని ఇంకొకాయన, వరస ఉంది కదా అని వరసలో నిలబడ్డాడు.

మామగారు వాళ్లిద్దరినీ మర్యాదగా బయటికి పంపి, మిగిలినవాళ్లను పిలవడం మొదలుపెట్టారు. పేర్లు తెలియవు గానీ, అట్టల మీది బొమ్మలు పొద్దుటి వరసలోనే ఆయనకు గుర్తున్నాయి.

"పుర్రె బాబూ, మీరు అందరికంటే ముందు. నిచ్చెన గారు ఆయన వెనక. తాబేలమ్మా, ఇటు రండి."

దర్జీ పుర్రె, నర్సు తాబేలు. పళ్ల డాక్టరు అట్ట మీద దీపస్తంభం, ఆయన అందరికంటే చివర. ఎవరి చేతిలోని రికార్డు వాళ్లు ముందున్నవాళ్లకు ఇమ్మన్నారు మామగారు. రికార్డులు ఒక్కో చెయ్యి ముందుకు జరిగి ఎవరి అట్టలోకి అవి చేరాయి. ఖాళీగా మిగిలిన డాక్టరుకు గల్లా మీది తెల్ల కవరు అందించారు. తొమ్మిదేళ్లు వెతికినది పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. డాక్టరు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మామగారికి నమస్కారం పెట్టాడు.

వరస మొదట్లో దర్జీ మాత్రం మిగిలిన రికార్డు ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు. మామగారు ముందరి అద్దం దగ్గరికెళ్లి, అక్కడ వేలాడుతున్న నీలి గుర్రం అట్ట దించి, అందులో పెట్టారు.

అల్లుడికి అప్పుడు అర్థమైంది. షాపు వెనక పెరట్లో కడుగుడు సాగుతుండగా ఖాళీ అట్టల దొంతరలో పైనున్న ఆ అట్టను తీసి అద్దంలో కట్టింది తనే. అక్కణ్ణుంచి ప్రతి రికార్డూ పక్క అట్టలోకి పోయింది. పదకొండు మందీ వింటుండగా, తప్పు మామగారిది కాదు, తనదని చెప్పాడు. నర్సు ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు, ఒక్కరూ డబ్బు వెనక్కి అడగలేదు.

జనం వెళ్లాక అడిగాడు. "మీకెప్పుడు తెలిసింది మామయ్యగారూ?"

"డాక్టరు గారు రాగానే. రికార్డు మిగిలిందంటే అట్ట తగ్గినట్టే కదా."

"మరి చెప్పలేదేం?"

"షాపు మీది, పేరు మీది. నా పేరు పోతే ఇక్కడ నన్నెరిగినవాళ్లెవరు?"

అల్లుడు లోపలికెళ్లి రెండు కప్పుల టీ కలిపి తెచ్చి, మొదటిది ఆయనకిచ్చి, ఆయన తాగడం అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.

సాయంత్రం భార్య ఫోన్ చేసి, నాన్న ఏమీ ఇబ్బంది పెట్టలేదు కదా అని అడిగింది.

"ఆయన పెట్టలేదు" అన్నాడు అల్లుడు.