మా ఆవిడ తెల్లకోటు

తెలుపును మించిన రంగు లేదు. ఉద్యోగం చేసే ప్రతి మనిషికీ నఖశిఖపర్యంతం తెల్లబట్టలే తొడగాలి. ముఖ్యంగా పగలంతా మరకల మధ్య బతికేవాళ్లకు! నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

నాకీ జ్ఞానం ఊరికే రాలేదు. మా ఆవిడ ఓ పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు నర్సు. పంతొమ్మిదేళ్ల సర్వీసు. నేనేమో ఇలాంటివి రాసుకుంటూ ఇంటిపట్టునే ఉండేవాణ్ణి కాబట్టి, ఆవిడ కోట్లు ఉతికే బాధ్యత నా నెత్తిన పడింది. పడింది అనకూడదు, వరించింది.

లాభాలు చూడండి. పెళ్లయిన పాతికేళ్లకు మొగుడూ పెళ్లాలకు మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? మాకు మరకలున్నాయి! "ఇదేమిటి?" అంటాను, జేబు దగ్గర గోధుమరంగు మచ్చ చూపించి. "టించర్. కిటికీ పక్క మంచం వాడు సీసాని ఒక్క తన్ను తన్నాడు" అంటుంది. "మరి ఈ గులాబీరంగు?" "దగ్గుమందు. మింగినట్టే మింగి నా మీద ఊసింది, గడుగ్గాయి!" ఇలా ఓ గంట ఇట్టే గడిచిపోతుంది. టీవీ సీరియళ్లతో కాలక్షేపం చేసేవాళ్లను తలుచుకుంటే జాలేస్తుంది.

విజ్ఞానమూ పెరిగింది. రక్తపు మరక మీద వేడినీళ్లు పొయ్యకూడదు. పోశారో, బట్ట ఉన్నంతకాలం అదీ ఉంటుంది. చన్నీళ్లలోనే నానెయ్యాలి. బ్లీచింగ్ ఎక్కువైతే తెలుపు కాస్తా పాచిపళ్ల రంగుకు తిరుగుతుంది. నీలిమందు చుక్కల్లో వెయ్యాలి. నేనోసారి ధారగా పోశాను. ఆ రోజు మా ఆవిడ ఆకాశంరంగు కోటుతో డ్యూటీకెళ్లింది. పిల్లలకు తెగ నచ్చిందట. అధికారులకు నచ్చలేదు.

అధికారులంటే ఒక్కరే. పరిశుభ్రతా పర్యవేక్షణాధికారి. నర్సులు చాటుగా "తెల్లకాగితం సారు" అంటారు. రోజూ పదకొండు గంటలకు వాళ్లను వరసగా నిలబెట్టి, తెల్లకాగితం ఒకటి తీసి, ఒక్కొక్కరి భుజానికి ఆనించి చూస్తారు. కోటు కాగితమంత తెల్లగా లేకపోతే పేరు పక్కన ఎర్రసిరాతో ఇంటూ మార్కు. మూడు ఇంటూలు పడితే వార్డు నుంచి తీసి ఫైళ్ల గదికి పంపేస్తారు. డ్యూటీ ఎక్కకముందే చూడొచ్చుగా అంటారేమో. అప్పుడు అందరూ తెల్లగానే ఉంటారు, అందులో పసేముంది? ఆయన మాత్రం ముదురు కాఫీరంగు సూటు వేసుకుంటారు. బాధ్యత గల పదవి కదా, ఒంటి మీద మరక కనబడకూడదు.

మా ఆవిడకు అప్పటికే రెండు ఇంటూలు పడ్డాయి. ఒకటి నా నీలిమందు పుణ్యం, రెండోది ఎవరిదో ముక్కు రక్తం. ఇంకొక్కటి పడితే పంతొమ్మిదేళ్ల వార్డు చెయ్యి జారిపోతుంది. ఆ వార్డంటే ఆవిడకు ప్రాణం. సెలవు రోజున కూడా ఏ మంచం పిల్లకు జ్వరం తగ్గిందో ఫోన్ చేసి కనుక్కుంటుంది.

అప్పుడు నేనో దివ్యమైన సలహా ఇచ్చాను. "మరక పడ్డాక వదిలించడం దేనికి? పడకుండానే చూసుకో. పదకొండు దాకా పిల్లలకు ఓ అడుగు దూరంలో ఉండు, చేతులు వెనక్కి పెట్టుకుని."

"అలా ఎలా కుదురుతుందండీ?"

"మిగతావాళ్లకు ఎలా కుదురుతోంది?"

విసురుగా లేచి వంటింట్లోకి వెళ్లింది. కానీ మర్నాడు నా మాట విన్నది! పెళ్లయ్యాక ఇదే మొదలు. క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టాను.

ఆ సాయంత్రం కోటును దీపం వెలుగులో తిప్పి తిప్పి చూశాను. ఒక్క మచ్చ లేదు! కాలరు, చేతులు, జేబు అంచులు, అన్నీ కడిగిన ముత్యమే. "చూశావా? ఏమన్నారు మీ కాగితం సారు?" అన్నాను.

"మెచ్చుకున్నారు" అంది. కంచం ముందు కూర్చుందే గానీ ముద్ద ముట్టలేదు.

ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. గొంతు ఆపరేషన్ అయిన ఐదేళ్ల పిల్ల ఒకతి. పొద్దున కడుపులో తిప్పి, ఏడుస్తూ మా ఆవిడ వైపు రెండు చేతులూ చాచిందట.

"నేను పిల్లని చూడలేదండీ. కోటు చూసుకున్నాను. ఒక అడుగు వెనక్కేశాను. అది చేతులు దించేసుకుంది."

అని బావురుమంది. నాకు సిగ్గేసింది. మా వృత్తిలో సిగ్గు పనికిరాదు, అయినా వేసింది.

మర్నాడు ఆవిడ నా సలహానీ సారు కాగితాన్నీ కలిపి గాలికొదిలేసింది. వెళ్లగానే ఆ పిల్లని ఎత్తుకుంది. పిల్ల మొదట మొహం తిప్పుకుందట. కాసేపటికి భుజం మీద వాలి, తాగిన పాలన్నీ అక్కడే కక్కింది. పదకొండుకు సరిగ్గా పది నిమిషాలుంది! లాకర్లో ఇంకో కోటుందిగా, మార్చుకోవలసింది కదా అని అడిగాను. "కింద దింపితే ఏడుస్తోందండీ" అంది. పిల్లని ఎత్తుకునే వెళ్లి వరసలో నిలబడింది. సారు కాగితం ఆనించడానికి కాసేపు చోటు వెతుక్కుని, మూడో ఇంటూ పెట్టేశారు.

ఫైళ్ల గదికి మారి మూడు వారాలైంది. ఫైళ్లు ఏడవవు, కక్కవు, చేతులు చాచవు. కోటు పొద్దున ఎలా వెళ్లిందో సాయంత్రం అలాగే తిరిగొస్తోంది. మొన్న ఆసుపత్రివాళ్లు మా ఆవిడకు "అత్యంత తెల్లని యూనిఫాం" అని ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఫ్రేము కట్టించి మరీ! ఆవిడ దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి పడుకుంది.

పిల్లల వార్డు సంగతంటారా? అక్కడిప్పుడు ఒక్కరికీ ఇంటూ పడటం లేదు. మా ఆవిడ గతి చూశాక అందరూ జాగ్రత్తపడ్డారు. కాబట్టి, ఎప్పుడైనా మీ పాపకు ఒంట్లో బాగోకపోతే నిశ్చింతగా అక్కడికే తీసుకెళ్లండి. గుమ్మంలోంచే తెల్లకోట్లు కళ్లు జిగేలుమనిపిస్తాయి. పాప ఏడిస్తే మాత్రం మీరే ఎత్తుకోండి.