చరిత్రలో వజ్రమ్మకు చోటు

చరిత్రలో ఆడవాళ్లకు జరిగిన అన్యాయాన్ని ఈ నెలాఖరులోగా సరిదిద్దేస్తానని సోమలింగం గారు ప్రకటించారు. అది 2021 జూలై పంతొమ్మిదో తేదీ. అంటే చేతిలో ఉన్నది పన్నెండు రోజులు. వేల ఏళ్ల బాకీ పనికి పన్నెండు రోజులు చాలనుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

సోమలింగం గారు గుజరాత్‌లోని మా మిల్లుల పేట పాండేసరలో పార్టీ వార్డు కార్యదర్శి, మా తెలుగు సంఘం విద్యా కమిటీకి అధ్యక్షులు. నేను బ్యాంకు గుమాస్తాను. తెలుగు, హిందీ రెండూ రాయడం వచ్చు గనుక వారి పక్కన నాకో కుర్చీ ఉంటుంది. చరిత్ర పాఠాల్లో జెండర్ పర్‌స్పెక్టివ్ తేవాలని పైనుంచి వాట్సాప్‌లో ఆదేశం వచ్చింది.

"జెండర్ పర్‌స్పెక్టివ్ అంటే ఏంది సార్?" అని వారు నన్ను అడిగారు.

"చరిత్రను ఆడవాళ్ల వైపు నుంచి కూడా చూడటమండీ."

"గంతేనా? జర పక్కకు జరిగి చూస్తే అయిపాయె."

అలా జరిగి చూడగా వారికి 2020 మే నెల కనిపించింది. తెలుగు మీడియం పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం దాని మీద చిన్న పుస్తకం వేయాలని నిర్ణయించారు.

ఆ మే నెల నేనూ చూశాను. మిల్లులు మూతపడ్డాయి, తిండి లేదు, ఊరికి పోదామంటే రైలు లేదు. సాంచాల కార్ఖానాలో, అంటే మరమగ్గాల మిల్లులో, నూలు బాబిన్లు చుట్టే వజ్రమ్మ నలభై మంది ఆడవాళ్లను వెంటేసుకుని ఖాళీ కంచాలతో రోడ్డు మీద కూర్చుంది. మూడు గంటలపాటు ఎవరు చెప్పినా లేవలేదు. నాలుగో రోజు వరంగల్‌కు రైలు వచ్చింది. లాక్‌డౌన్‌లో గుంపుగా చేరినందుకు 'గుర్తుతెలియని మహిళల' మీద కేసు కూడా వచ్చింది. సోమలింగం గారికి ఆ వారం జలుబు. తలుపేసుకుని గదిలోనే ఉన్నారు.

వివరాల కోసం వజ్రమ్మ ఇంటికి వెళ్లాం. ఆమె అన్నీ చెప్పి, చివర చేతులు జోడించింది.

"అన్నా, రాస్తే రాయుండ్రి గని నా పేరు పెట్టకుండ్రి. కేసు ఇంక నడుస్తనే ఉన్నది. పేరెక్కిందంటే సేటు కార్ఖానాల అడుగు పెట్టనియ్యడు. కరోనా వచ్చినప్పటిసంది మా ఇంటాయన బక్కయ్య మంచం దిగుతలేడు. నా పని పోతే ఇంట్ల పొయ్యి వెలగది."

"నీ పేరు రానిస్తనా చెల్లె? మాటిస్తున్న," అన్నారు సోమలింగం గారు. మాట తప్పని మనిషని పేరుంది వారికి.

వీధి మలుపు తిరిగాక వారికి ఒక విద్యా సమస్య తట్టింది. "నాయకుడు లేకుంటే పిల్లలకు పాఠం ఎట్ల అర్థమైతది సార్? నా పేరు పెట్టుండ్రి."

"ఆ రోజు మీరు గదిలో ఉన్నారు కదండీ."

"మనసు రోడ్డు మీదనే ఉండె."

ఆ మాటతో నాకు సందేహం తీరిపోయింది. 'సోమలింగం గారి నాయకత్వంలో కొందరు స్త్రీలు రోడ్డుపై బైఠాయించారు' అని రాశాను. ఆడవాళ్లకు వాక్యంలో సగం దక్కింది.

నెలాఖరున ఆవిష్కరణ. మాస్కులు గడ్డాల కింద, కుర్చీలు ఎడంగా. పేరు రాలేదన్న ధీమాతో వజ్రమ్మ కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. ముఖ్య అతిథి మా ఠాణాకు కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్. ఆయనది గుజరాతీ, తెలుగు రాదు. అట్ట మీది ఖాళీ కంచాల ఫొటోను కాసేపు చూసి, లోపలేముందో హిందీలో చదవమని నన్ను అడిగారు. చదివాను. అనువాదంలో ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

ఇన్‌స్పెక్టర్ చాలా సంతోషించారు. "పద్నాలుగు నెలలుగా ఆ ఫైల్లో గుర్తుతెలియనివాళ్లనే ఉంది. నాయకుడు దొరికారు. సోమలింగం జీ, రేపు ఒకసారి ఠాణాకు రండి."

సోమలింగం గారు మైకు అందుకుని తమకు వచ్చిన హిందీలోకి దిగారు.

"సాబ్, అది ప్రింటింగ్ మిస్టేక్. ఆ పోరాటంల మగోడన్నోడే లేడు. ఆలోచన ఆడోళ్లది, ధైర్యం ఆడోళ్లది. మధ్యల మగోళ్లను జొప్పిచ్చుడు చరిత్రకు ద్రోహం."

జెండర్ గురించి అంత స్పష్టమైన ఉపన్యాసం నేను ఇంతవరకూ వినలేదు. హాలంతా చప్పట్లు కొట్టింది.

"మరి నాయకురాలెవరు?" అన్నారు ఇన్‌స్పెక్టర్.

"గా వెనక కూసున్నది సాబ్. పచ్చ చీర. వజ్రమ్మ."

వజ్రమ్మ లేచి నిలబడింది. "మాటిచ్చినవు గదనే అన్నా."

"ఎన్నొద్దులు చీకట్ల ఉంటవు చెల్లె? నీ పేరు దునియాకు తెల్వాలె."

"నీ పెండ్లాం పిల్లలకు ఆ రైల్ల సీట్లు నేనే ఇప్పిచ్చిన. నాకు బుద్ధి లేదు," అంది వజ్రమ్మ. గొంతు పెంచలేదు.

నాకు సిగ్గేసింది. తల ఎత్తలేకపోయాను. ఆమె చెప్పిన మాటలను వాంగ్మూలంగా హిందీలో రాసివ్వమని ఇన్‌స్పెక్టర్ గారు నన్నే అడిగితే, దించిన తలతోనే రాసిచ్చాను. నా దస్తూరీ బాగుందని ఆయన మెచ్చుకున్నారు.

ఆగస్టులో సేటు వజ్రమ్మను పనిలోంచి తీసేశాడు. డిసెంబరులో పుస్తకం సవరించిన ముద్రణ వెలువడింది. 'ఈ ఘటనలో పురుషుల పాత్ర ఏమాత్రమూ లేదు. నాయకత్వం పూర్తిగా వజ్రమ్మ గారిది' అని పెద్దక్షరాల్లో వేశారు. పరీక్షలో అది ఐదు మార్కుల ప్రశ్న.

రెండో ఆవిష్కరణ సభ మరింత ఘనంగా జరిగింది. వజ్రమ్మ గారు మాత్రం రాలేకపోయారు. ఆ రోజు ఆమెకు కోర్టులో వాయిదా. ఆమెకు కప్పవలసిన శాలువాను మహిళాలోకం తరఫున సోమలింగం గారే కప్పించుకున్నారు.