మీటరు తిప్పిన పాట

ఆ ఆదివారం పొద్దున ఖాలిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెసరట్టు తిని, కూతురు ఇల్మాను స్కూటరు మీద ఎక్కించుకుని, బందరు రోడ్డులోని కంప్యూటర్ల షాపుకి వెళ్లి, పాటలు రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి కొనుక్కుని, ఎండ ముదిరేలోగా పటమటలో తన ఇంటికొచ్చి పడుకోవాలి. క్లచ్ ప్లేటు కొనడానికి ఎంతసేపు పడుతుందో దీనికీ అంతసేపే పడుతుందని అతని లెక్క. పాపం, అతనికి అప్పటికి క్లచ్ ప్లేట్లు తప్ప మరో సరుకు గురించి తెలియదు.

ఖాలిక్‌కి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల దుకాణం ఉంది. వ్యాపారంలో అతనికి రెండు పట్టుదలలు. బిగించి చూడందే ఏ సరుకూ కొనడు. ఎవరు ఎంత ఆశ పెట్టినా మీటరు జోలికి పోడు. మీటరు వెనక్కి తిప్పించి పాత లారీని కొత్తదని అమ్మజూసే బేరగాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. అలాంటివాళ్లు వస్తే ఖాలిక్ టీ కూడా ఇవ్వకుండా పంపించేస్తాడు. బ్రేకు డ్రమ్ము అమ్మేటప్పుడు మాత్రం స్పానరుతో ఒక దెబ్బ కొట్టి వినిపిస్తాడు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ దుకాణంలో కూర్చునే ఇల్మా, ఏ డ్రమ్ములో పగులుందో తండ్రి కంటే ముందే చెప్పేసేది. అది చూసి మురిసిపోయి కీబోర్డు కొనిచ్చింది అతనే.

ఇప్పుడా పిల్ల పదో తరగతి పరీక్షలు రాసేసి, సొంతంగా పాటలు కడుతోంది. హైదరాబాదులో ఒక సంగీత సంస్థ వేసవి శిబిరం పెడుతోందనీ, సొంత పాట రికార్డు చేసి పంపినవాళ్లలోంచి కొందరిని ఎంచుకుంటారనీ పేపర్లో చూసింది. వాళ్లమ్మ సబీహా తన మాట తాను చెప్పేసింది.

"ఎంచుకుంటే నీ సంగీతం నీది, ఇంట్లోంచే కాలేజీకి వెళ్దువుగాని. ఎంచుకోకపోతే కీబోర్డు అటకెక్కుద్ది, నువ్వు రెండేళ్లు హాస్టలుకెళ్లి ఇంటర్ చదవాలి. మళ్లీ ఏడవకూడదు."

కంప్యూటర్ల షాపు తిరుపతిరావు రెండు రకాలు చూపించాడు.

"ఇది సినిమా స్టూడియోల్లో వాడతారండీ. అరవై నాలుగు ట్రాకులు. అంటే అరవై నాలుగు వాయిద్యాలు విడివిడిగా రికార్డు చేసి కలుపుకోవచ్చు. ఇదేమో చిన్నదండీ, కొత్తగా నేర్చుకునేవాళ్లకి. ఎనిమిదే."

"పెద్దదే ఇవ్వండి," అన్నాడు ఖాలిక్. "పది టన్నుల బండిలో రెండు టన్నులూ వేసుకోవచ్చు."

"అబ్బాజీ, నేను వేసేది మూడు బస్తాలే," అంది ఇల్మా. "నా గొంతు, కీబోర్డు, తాళం."

"రేపు బస్తాలు పెరిగితేనో?"

ఖాలిక్ అప్పటికీ డబ్బు తీయలేదు. బిగించి చూడాలన్నాడు. తిరుపతిరావు నవ్వి, రెండింటి ట్రయల్ వెర్షన్లూ ఉన్న సీడీ ఒకటి చేతిలో పెట్టాడు. నెల రోజులు ఊరికే పనిచేస్తాయి, నచ్చినదాన్ని కొనుక్కోవచ్చు. ఖాలిక్‌కి ఆ పద్ధతి ఎంతగానో నచ్చింది. కంప్యూటర్ల వాళ్లు కూడా ఆటోనగర్ మర్యాద నేర్చుకున్నారని దారంతా మెచ్చుకున్నాడు.

పెద్ద సాఫ్ట్‌వేర్ ఇంట్లోని కంప్యూటర్లోకి ఎక్కడానికే మధ్యాహ్నం దాకా పట్టింది. తెర నిండా మీటలు, బొత్తాలు, సూదులు. ఇల్మా కీబోర్డు మీద సరిగమలు వాయిస్తే అవి భోజనాల వేళకి వినపడ్డాయి. పాట మధ్యలో కంప్యూటరు మొత్తం బిగుసుకుపోయింది. ఇంజను వేడెక్కిందనుకుని ఖాలిక్ దాని డొక్క తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాను పెట్టాడు.

"దుకాణం గ్యారంటీ కార్డులు దీన్లోనే ప్రింటు తియ్యాలండీ నేను," అని సబీహా తల పట్టుకుంది. "దాన్ని బతకనివ్వండి."

సాయంత్రానికి పది టన్నుల బండి దిగిపోయి, చిన్నది ఎక్కింది. అది పిలిస్తే పలికింది. ఒక్కటే చిక్కు. ట్రయల్ సరుకని గుర్తుగా, పాట నడుస్తుండగా అది మాటిమాటికీ 'టంగ్'మని గంట కొట్టేది. ఖాలిక్ మొహం మాడ్చుకున్నాడు గానీ, ఇల్మా కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది.

"సమానంగానే కొడుతోంది అబ్బాజీ. దానికి తగ్గట్టు నేనే పాట వేగం మారుస్తా. తాళం తిరిగొచ్చేచోట పడుతుంది."

అలాగే పడింది. గంట కోసం ఆ పిల్ల పాటలో చోటు వదిలింది, మాట ఆపింది, ఆ టంగుమన్నాక కొత్త చరణం ఎత్తుకుంది. గదిలోకి పాలగ్లాసుతో వచ్చిన సబీహా, పాట అయ్యేదాకా గ్లాసు పట్టుకునే నిలబడింది. నిలబడినట్టు ఎవరికీ చెప్పలేదు.

బండి లాగింది కాబట్టి ఖాలిక్ మాట మీద నిలబడి కొనడానికి వెళ్లాడు. తిరుపతిరావు నొచ్చుకున్నాడు.

"చిన్నది ఎవరూ అడగరండీ, అందరూ పెద్దదే పట్టుకుపోతారు. మద్రాసు నుంచి రావాలి. చెప్పి పెడతాను."

మద్రాసు సరుకు ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అంటుండగానే నెల గడిచిపోయింది. పాట చివరి చరణం మిగిలి ఉండగా, గడువు తీరిందని తెర మీద ఒక ముక్క చెప్పి సాఫ్ట్‌వేర్ తలుపేసుకుంది. నెల రోజుల కష్టమంతా దాని లోపల ఉండిపోయింది. శిబిరానికి పాట పంపే ఆఖరి రోజు ఎల్లుండి.

మేడ మీద వాటాలో ఉండే వెంకటేశ్వరరావు మాస్టారు కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ సలహా ఇస్తారు. ఆయన మెట్లు దిగివచ్చి, పరిస్థితి చూసి తేలిగ్గా నవ్వేశారు.

"దీనికింత కంగారెందుకండీ? కంప్యూటర్లో తేదీ వెనక్కి జరపండి. నేనింకా కొత్తగానే వచ్చాననుకుంటుంది."

ఖాలిక్ మొహం పాలిపోయింది. "అంటే... మీటరు తిప్పమంటారా మాస్టారూ?"

"మీటరెక్కడుందండీ ఇక్కడ? కాలమనేది చూసేవాడిని బట్టి ఉంటుంది."

ఆయన సైన్సు చెప్పి మేడెక్కి పోయారు. ఖాలిక్ వరండాలో అటూ ఇటూ తిరిగాడు. లోపల ఇల్మా ఏడవడం లేదు, తలుపేసుకున్న తెరకేసి చూస్తూ కూర్చుంది. ఏడ్చినా బాగుండేదనిపించింది అతనికి. మద్రాసు సరుకు రాగానే ఎలాగూ కొంటున్నాం, నాలుగు రోజులు ముందు వాడుకుంటున్నామంతే అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. అందరినీ బయటికి పంపి గది తలుపు వేసుకున్నాడు. పరువు పోగొట్టుకునే పని చేసేవాడు నెలతో సరిపెట్టుకోవడమెందుకని, ఏకంగా ఏడాది వెనక్కి తిప్పాడు. 2004 కాస్తా 2003 అయింది. సాఫ్ట్‌వేర్ ఏమీ ఎరగనట్టు తలుపు తీసింది.

ఇల్మా పాట ముగించింది. మర్నాడు పొద్దంతా ఫోను లైను ఇంటర్నెట్‌కే అప్పగించి, మెయిల్లో పాట హైదరాబాదు పంపింది. ఆ తేదీని మళ్లీ ముందుకి జరపాలన్న సంగతి ఖాలిక్‌కి గుర్తులేక కాదు. చేసిన పని మొహం మళ్లీ చూడలేక ఆ గదిలోకే పోలేదు.

సబీహా మాత్రం వెళ్లింది. దుకాణానికి కావలసిన గ్యారంటీ కార్డులు బోలెడు ప్రింటు తీసి పంపింది. కార్డు మీద తేదీ దానంతటదే పడుతుంది.

రెండు రోజులకి ఉయ్యూరు నుంచి లారీ ఓనరు హనుమయ్య దుకాణం ముందు దిగాడు. చేతిలో కార్డు రెపరెపలాడుతోంది.

"ఏం ఖాలిక్ భాయ్! మొన్న కొన్న బ్యాటరీకి ఆర్నెల్లు గ్యారంటీ అన్నావు. కార్డు చూస్తే పోయిన సంవత్సరమే అయిపోయింది. నేను కొనకముందే చచ్చిపోయిందా ఇది?"

ఖాలిక్ నోరు తెరిచేలోపు ఇంకో ఇద్దరు కార్డులు పట్టుకుని వచ్చారు. టీ కొట్టు దగ్గర ఆ మాట కాళ్లొచ్చి నడిచింది. ఖాలిక్ పాత సరుకు అంటగడుతున్నాడని ఒకరన్నారు. గోడౌన్లో ఏళ్లనాటి సరుకు దాచాడని మరొకరు కలిపారు. మధ్యాహ్నానికి ఒక బేరగాడు మెల్లగా దుకాణంలోకి వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"మీరు కూడా మొదలెట్టారంటగా. నాదో లారీ ఉంది. ఎంత వెనక్కి తిప్పగలరు?"

ఇరవై ఏళ్ల పరువు ఒక్క పూటలో అలా పలకరించేసరికి ఖాలిక్‌కి కళ్లు తిరిగాయి. బేరగాణ్ణి బయటికి తోసి, స్కూటరు తీసి ఇంటికి పరిగెత్తాడు. కార్డు సంగతి తేల్చాల్సిందేనని హనుమయ్య కూడా వెనకాలే బయలుదేరాడు.

ఇంట్లో ఇంకో పిడుగు సిద్ధంగా ఉంది. ఇల్మా గోడకి చేరగిలబడి వెక్కిళ్లు పెడుతోంది. శిబిరం ఆఫీసుకి ఫోను చేస్తే, ఆమె పేరుతో మెయిలే రాలేదన్నారు. గడువు నిన్నటితో అయిపోయింది. సబీహా కీబోర్డు తుడిచి సంచిలో పెడుతోంది. తుడిచిన మీటలే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

ఖాలిక్ వెనకాలే వచ్చిన హనుమయ్య చేతిలోని కార్డు చూశాడు. కూతుర్ని చూశాడు. బ్యాటరీకి పడ్డ తేదీయే పాటకీ పడి ఉంటుందని అప్పుడు తట్టింది. వెంటనే ఫోను అందుకున్నాడు. అవతల సంజీవరావు అనే ఆయన, శిబిరం మేనేజరు.

"సార్, మా అమ్మాయి పాట ఒక్కసారి పోయిన సంవత్సరం మెయిల్స్‌లో చూడండి."

"పోయిన సంవత్సరం మేం శిబిరమే పెట్టలేదండీ."

"పెట్టలేదు సార్. మేమే ముందు పంపేశాం."

ఖాలిక్‌కి ఇక దాచడానికేం మిగల్లేదు. గుమ్మంలో హనుమయ్య నిలబడి వింటున్నాడని తెలిసి కూడా మొత్తం చెప్పేశాడు. "మీటరు తిప్పాను సార్. పిల్ల కోసం తిప్పాను. తప్పు నాది, దాని పాటది కాదు. కావాలంటే నన్ను తిట్టండి. దాని పాట మాత్రం వినండి."

కాగితాలు కదిలిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు వినపడ్డాయి. తర్వాత సంజీవరావు పెద్దగా నవ్వాడు.

"ఉందండీ. అట్టడుగున, ఎప్పటివో పాత మెయిల్స్ మధ్య కూర్చుంది. ఏడాది ముందే పంపినవాళ్లని ఆలస్యమైందని ఎలా తోసేస్తామండీ? వింటాం లెండి."

హనుమయ్య కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచినీళ్లివ్వమ్మా," అని సబీహాని అడిగి, తాగి, ఆటోనగర్‌కి తిరిగి వెళ్లిపోయాడు. ఖాలిక్ మీటరు తిప్పిన మాట నిజమే గానీ అది లారీకి కాదు, కూతురి పాటకి అని టీ కొట్టు దగ్గర ఆయనే చెప్పాడు. ఆ రాత్రే ఖాలిక్ కంప్యూటర్లో తేదీ సరిచేశాడు. మర్నాడు కార్డులు మార్చుకోవడానికి వచ్చినవాళ్లు బ్యాటరీ మాట మర్చిపోయి, పాట ఏమైందని అడిగారు.

వారం తర్వాత ఫోను మోగింది. ఇల్మాను ఎంచుకున్నారు. ఇల్మా ఎగిరి గంతేసింది, సబీహా కళ్లొత్తుకుంటూ సంచిలోంచి కీబోర్డు బయటికి తీసింది. సంజీవరావు ఇంకా ఏదో చెబుతున్నాడు.

"మా మాస్టర్లందరికీ ఆ గంట తెగ నచ్చిందండీ. చోటు చూసి భలే వేసింది అమ్మాయి. మొదటి రోజు అందరి ముందూ వాయించి వినిపించాలి. గంట మాత్రం వదలొద్దని చెప్పండి."

సరిగ్గా ముందురోజే మద్రాసు సరుకు దిగింది. తిరుపతిరావు కబురు పెట్టగానే ఖాలిక్ పరుగున వెళ్లి అసలు సాఫ్ట్‌వేర్ కొని, బిగించి, గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. ఇప్పుడు పాట పెట్టి చూస్తే గొంతుంది, కీబోర్డుంది, తాళముంది. గంట లేదు. దానికోసం వదిలిన చోట్లన్నీ పళ్లూడిన నోరులా బోసిపోయాయి. డబ్బు పోసి కొన్న సరుకులో గంట రాదని అప్పుడు తెలిసింది.

"అబ్బాజీ," అంది ఇల్మా నెమ్మదిగా, "మళ్లీ ట్రయల్..."

"తేదీ మాటెత్తావంటే ఈ కంప్యూటర్ని బందరు కాలవలో పడేస్తా."

అని, ఖాలిక్ స్కూటరు తాళాలు తీసుకుని, ఇల్మాను ఎక్కించుకుని ఆటోనగర్ వెళ్లాడు. దుకాణంలో ఉన్న బ్రేకు డ్రమ్ములన్నీ వరసగా తాడుతో వేలాడదీశాడు. ఇల్మా స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. అతను స్పానరుతో ఒక్కొక్కటీ కొట్టుకుంటూ వెళ్లాడు. "కాదు. లావు. కాదు అబ్బాజీ, దీన్లో పగులుంది, ఇది అమ్మకండి." పక్క దుకాణాల వాళ్లు పని ఆపి చేరారు, తమ దగ్గరున్న డ్రమ్ములు తామూ మోసుకొచ్చారు. చివరికి, సంగతి తెలిసి హనుమయ్య ఎత్తుకొచ్చిన చిన్న వ్యాను డ్రమ్ము మీద స్పానరు తగిలిందో లేదో, ఇల్మా కళ్లు తెరిచింది.

"అదే!"

ఖాలిక్ ఇంకోసారి కొట్టాడు, మరోసారి కొట్టాడు. ఆ టంగుమన్న మోతకి ఆ పిల్ల మొహం వెలిగిన తీరు చూసి, ఇన్నాళ్లూ తను చేసింది స్పేర్ పార్టుల వ్యాపారం మాత్రమే కాదేమోనని సంబరపడ్డాడు.

హైదరాబాదు రైలెక్కేటప్పుడు ఇల్మా చేతిలో కీబోర్డు ఉంది, ఖాలిక్ భుజాన గోనెసంచిలో డ్రమ్ము ఉంది. హనుమయ్య డబ్బు పుచ్చుకోనన్నాడు గానీ, పద్ధతి పద్ధతేనని సబీహా దానికొక గ్యారంటీ కార్డు కట్టింది. తేదీ మాత్రం ఖాలిక్ గోడ క్యాలెండరు రెండుసార్లు చూసి, తన చేత్తో రాశాడు.